ఊరికే ఇచ్చిన మంత్రి

నీటి సరఫరా కేంద్రంలో ఆవిణ్ణి అందరూ వదిన అనే పిలిచేవారు. దానికి కారణం ఆవిడ మరిది. అతనూ అక్కడే, కింద పంపులు బిగించిన లోతైన పొడి బావిలో ఆపరేటరు. పొద్దస్తమానం ఫోన్లో "వదినా, రెండో పంపు ఆపేస్తున్నా", "వదినా, మట్టం ఎంతుందో చూడు" అంటూ ఉంటే విని విని ముందు ఫిట్టర్లకి అలవాటైంది, తర్వాత గుమాస్తాలకి పాకింది, చివరికి ఆవిడకంటే వయసులో ఎంతో పెద్దవాడైన ఇంజనీరు కూడా "వదినగారూ" అనడం మొదలుపెట్టాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన పై అధికారి నోరు జారి వదిన అనేసి నాలిక కరుచుకున్నాడు. "పర్లేదు సార్. ఊరందరికీ నీళ్ళిస్తున్నా, ఆమాత్రం చుట్టరికం కలవదా?" అంది ఆవిడ.

కంట్రోల్ రూములో ఆవిడ ముందు గోడ నిండా ముళ్ళు ఊగే గడియారాల్లాంటి మీటర్లు, బల్ల మీద ఫోను, దాని పక్కన పాతకాలపు టెర్మినల్. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప దానికి బొమ్మలు తెలియవు. అలాంటిదే ఇంకొకటి కింద బావి అడుగున, పంపుల స్విచ్చులుండే పానెల్ గదిలో ఉంది. పంపులకు సంబంధించిన ఆదేశాలు పంపుకోవడానికి పెట్టినవి అవి. ఎప్పుడో అక్కడ పనిచేసి వెళ్ళిపోయినవాడెవడో వాటిలో చదరంగం కూడా ఎక్కించి పోయాడు. తెల్ల పావులకు ఇంగ్లీషు పెద్దక్షరాలు, నల్లవాటికి చిన్నక్షరాలు, ఖాళీ గళ్ళకు చుక్కలు. ఏ గడిలోంచి ఏ గడికో టైపు చేస్తే చాలు, రెండు తెరల మీదా పావు కదులుతుంది. కింద ఒక వరుసలో మాటలు కూడా రాసుకోవచ్చు. వదిన, మరిది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవారు.

మనిషి ఎదురుగా ఉంటే మరిదికి నోరు పెగలదు. ఆ తెర మీద మాత్రం వాగుడుకాయ. "వదినా, నీ రాజు ముందు ఆ బంటుల్ని చూస్తే నాకే జాలేస్తోంది", "వదినా, నువ్వు కట్టింది కోటా, చెరసాలా?" ఇలా ఉండేది వరస. ఆవిడ ఎప్పుడూ ఓడిపోయేది. ఓడిపోయినా మానేది కాదు. ఎందుకంటే ఆ ఇంట్లో మిగిలిన దారం అదొక్కటే.

అన్నదమ్ములు మాట్లాడుకోక రెండేళ్ళు దాటింది. తల్లి మంచాన పడ్డాక వంతులవారీగా కూర్చునేవారు. ఆ మధ్యాహ్నం తమ్ముడి వంతు. చదరంగం పోటీలో చివరి ఆట ఉంది, గంటలో వచ్చేస్తానని పక్కింటావిణ్ణి కూర్చోబెట్టి వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి తల్లి లేదు. "నీ ఆటే మింగింది అమ్మని. ఇంకెప్పుడూ నా గడప తొక్కకు" అన్నాడు అన్న, అంతమంది ముందు. ఆ మర్నాడే తమ్ముడు బట్టలు సర్దుకుని కేంద్రం వెనక క్వార్టర్సుకి మారిపోయాడు. అసలు తమ్ముడికి చదరంగం నేర్పిందే అన్న. ఆ రోజు నుంచి అన్న పావు ముట్టలేదు, చదరంగం పెట్టె తీసుకెళ్ళి అటక మీద పడేశాడు. తన భార్య రోజూ ఆఫీసులో కూర్చుని ఆ తమ్ముడితోనే ఆడుతోందని అతనికి తెలియదు. వదినకి అది మొగుడి దగ్గర దాచిన ఒకే ఒక్క సంగతి.

ఆ రోజు పొద్దున ఆట సగంలో ఉంది. మరిది గుర్రాన్ని ముందుకు దూకించి "ఆలోచించుకో, తొందరేం లేదు" అని రాశాడు. వదిన బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని తెర వంక చూస్తోంది. ముందు కాళ్ళ కింద నేల అదిరింది. తర్వాత మీటర్ల ముళ్ళన్నీ ఒక్కసారిగా పడిపోయాయి, ఒక్క నీటిమట్టం ముల్లు తప్ప. అది మాత్రం పైకి లేస్తోంది. అప్పుడు మోగింది సైరను.

జలాశయం నుంచి బావిలోని పంపులకు నీళ్ళు తెచ్చే పెద్ద గొట్టం, అడుగున ఉన్న జాయింటు దగ్గర పగిలింది. కిందికి ఫోన్ చేస్తే చప్పుడు లేదు. కిటికీలోంచి చూస్తే బావి పైకప్పు దగ్గర మనుషులు పరుగెడుతున్నారు. పైన పనిలో ఉన్న ఫిట్టర్లు ఇనుప మెట్లెక్కి బయటపడ్డారు. అడుగున ఉన్నది ఒక్కడే.

వదిన టెర్మినల్ మీద పడింది. తొందరలో అక్షరాలు తప్పుతున్నాయి. "ఎక్కడున్నావు ఎక్కడున్నావు" అని కొట్టింది. తెర కదలలేదు. మళ్ళీ కొట్టింది. చాలాసేపటికి, ఆవిడకి అలా అనిపించింది, కింది వరుసలో ఆకుపచ్చ అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

"పానెల్ గదిలో. ఇనుప తలుపేశా. బతికే ఉన్నా."

ఇంజనీరు రొప్పుకుంటూ వచ్చి ఆ వరుస చదివి కుర్చీలో కూలబడ్డాడు. వెంటనే మళ్ళీ లేచాడు. "బావి సగం నిండిపోయింది వదినగారూ. జలాశయం దగ్గర గేటు దించితే గానీ నీళ్ళాగవు. ఆ గేటు పట్టేసింది, దించుతున్నారు. తర్వాత తోడాలి. మన పంపులన్నీ మునిగాయి, పెద్ద మోటార్లు బయట్నుంచి రావాలి, నీళ్ళలో దిగేవాళ్ళు రావాలి."

"ఎంతసేపు?"

అతను కిటికీ వైపు తిరిగాడు. "సాయంత్రమవుతుంది. గాలి సరిపోతుంది, గది పెద్దదే. అయితే ఆ తలుపు అడుగున రబ్బరు ఎప్పుడో అరిగిపోయింది. నీళ్ళు ఊరుతుంటాయి."

ఊరుతూనే ఉన్నాయి. చీలమండలు, పిక్కలు, మోకాళ్ళు అని మరిది రాస్తూ వచ్చాడు. టెర్మినల్ గోడకున్న ఎత్తయిన అరమీద ఉంది. అతను బల్లెక్కి నిలబడ్డాడట. కింద దీపాల్లేవు, ఆ తెర వెలుగొక్కటే. దానికి మాత్రం పైనుంచి వేరే తీగ వెళ్తుంది. నీళ్ళు జలాశయం అడుగు నుంచి వచ్చినవి, మంచుగడ్డలాంటివి. తలుపేసేలోపే నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిసిపోయాడు.

ఆస్పత్రికి ఫోన్ చేస్తే డాక్టరమ్మ అంతా విని ఒకటే చెప్పింది. "చలికి నిద్ర ముంచుకొస్తుంది. హాయిగా కూడా అనిపిస్తుంది. పడుకోనివ్వకండి. కూర్చోనివ్వకండి. ఏదో ఒకటి చేయిస్తూ ఉండండి. మనిషి తలకాయ పనిచేస్తున్నంతసేపూ కాళ్ళు నిలబడతాయి."

వదిన కబుర్లు మొదలుపెట్టింది. ఏం తిన్నావు పొద్దున, క్వార్టర్స్‌లో కుళాయి బాగుచేశారా, పక్కింటి పిల్లకి పరీక్ష ఎలా అయింది? మొదట్లో జవాబులు వచ్చాయి. తర్వాత ఒక్కో మాట. తర్వాత "ఊ". ఆ తర్వాత:

"వదినా, కాసేపు కూర్చుంటా. కాళ్ళు లేనట్టుంది."

"వద్దు. లే."

"కాసేపే."

ఆవిడకి ఏం రాయాలో తోచలేదు. తెర మీద పైన చుక్కల మధ్య పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ పొద్దున్న వదిలిన చోటే ఉన్నాయి. తన ఎత్తు. ఆవిడ బంటుని ఒక గడి జరిపింది.

"నీ వంతు" అని రాసింది.

కింది వరుస ఖాళీగా ఉండిపోయింది. తర్వాత: "ఇప్పుడు ఆటా? పిచ్చెక్కిందా?"

"ఓడిపోతావని భయమా మరిదిగారూ?"

ఇంజనీరు ఆవిడ భుజం మీదుగా చదివాడు. జవాబు రావడానికి చాలా సమయం పట్టింది. వచ్చింది మాట కాదు, ఎత్తు. నల్ల శకటు ఏటవాలుగా వచ్చి ఆవిడ బంటుని చంపేసింది. కింద "నీ చేతిలోనా?" అని ఉంది.

వదిన ఏడుపూ నవ్వూ కలిసిన చప్పుడొకటి చేసి, పమిట చెంగుతో ముక్కు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంది.

అప్పుడు తట్టింది ఆవిడకి అసలు భయం. ఎప్పుడూ అరగంటలో ఆట కట్టించుకునే మనిషి తను. ఇవాళ ఓడిపోకూడదు. ఓడిపోతే "సరే ఇంక పడుకుంటా" అంటాడు. పోనీ గెలుద్దామా అంటే ఆ మాట నవ్వులాట. గెలిచినా అంతే. ఆట సాగాలి, సాగుతూనే ఉండాలి. ఆవిడ ఏ పావునీ మార్పిడికి ఒప్పుకోలేదు. ఎదురొస్తే వెనక్కి లాగింది. రాజుని మూలకి తోసి చుట్టూ బంటుల్నీ ఏనుగునీ కాపలా పెట్టింది. ఒక్కో ఎత్తుకీ కళ్ళు పొడుచుకుని వెతికింది, వాడిక్కడికొస్తే, నేనక్కడికెళ్తే, అయ్యో ఆ గుర్రం. జన్మలో అంత జాగ్రత్తగా ఆడలేదు. గదిలోకి ఎవరొస్తున్నారో, ఎవరు పోతున్నారో చూడలేదు. గేటు దిగిందని ఎవరో కేకేస్తే అదీ చెవిన పడీ పడనట్టే ఉంది.

"బాగా ఆడుతున్నావే ఇవాళ" అని రాశాడు మరిది.

"ఇన్నాళ్ళూ నీ మీద జాలిపడ్డాలే."

"నీళ్ళు తొడల దాకా వచ్చాయి."

ఆవిడ ఏనుగుని పక్క గడికి జరిపింది.

మధ్యాహ్నం భర్త వచ్చాడు. అతను బస్సు డిపోలో మెకానిక్కు. కబురు ఎవరో చెప్పి ఉంటారు, నూనె మరకల చొక్కాతోనే పరుగెత్తుకొచ్చాడు. తలుపు దగ్గర ఆగి ఇంజనీరుని అడగబోయి, భార్య ముందున్న తెర చూశాడు. చుక్కలు, అక్షరాలు. చదరంగం ఆడినవాడికి అది ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏంటిది?"

ఆవిడ తలతిప్పలేదు. "ఆడుతున్నాం."

"వాడు నీళ్ళలో చస్తుంటే నువ్వు ఆడుతున్నావా? ఎప్పట్నుంచీ?"

"ఎప్పట్నుంచీ అంటే ఎప్పట్నుంచో. అరవాలంటే తర్వాత అరుద్దురుగాని. నిద్రపోకుండా ఉండాలన్నారు. దీనికి తప్ప దేనికీ పలకట్లేదు."

భర్త ముఖం నల్లబడిపోయింది. దగ్గరికొచ్చి ఆవిడ కుర్చీ వీపు పట్టుకున్నాడు. తిడతాడనుకుంది. అతను తిట్టలేదు. చాలాసేపు తెర వంక చూసి, ఎంతో కాలానికి ఎక్కడో లోపల్నుంచి తవ్వి తీసినట్టు "ఏనుగుని కదపకు. ఆ శకటు దారి మూసెయ్ ముందు" అన్నాడు.

"మీరొచ్చారని రాయనా?"

"వద్దు. నేనన్నానంటే వాడు ఆపేస్తాడు. రోషగాడు." అతను ఇంకా ముందుకు వంగాడు. "రాయకు."

అప్పటి నుంచి అతను చెప్పడం, ఆవిడ కొట్టడం. ఆట మారిపోయింది. ఎటు దూకినా కంచె పడుతున్నట్టు ఉండేసరికి కింద మనిషికి కాస్త ఊపొచ్చింది. "ఇది మాత్రం నీ ఎత్తు కాదు వదినా. పక్కనెవరున్నారు?"

"ఇంజనీరుగారు."

"ఆయనకి పులీ మేకా కూడా రాదు."

ఇంజనీరు అది చదివి, కళ్ళు నిండిన ముఖంతోనే "నిజమే వదినగారూ" అన్నాడు.

కానీ ఆ ఊపు ఎంతోసేపు నిలవలేదు. జవాబులకు పట్టే సమయం పెరుగుతూ పోయింది. ఒకసారి తెర కింద "ఈ ఎత్తు చెల్లదు" అని యంత్రం రాసింది. ఏటవాలుగా గుర్రాన్ని జరపబోయాడు. మళ్ళీ అదే గుర్రం, అదే గడి, మళ్ళీ "చెల్లదు". మూడోసారి కూడా అదే. బుద్ధి తెలిసినప్పటి నుంచి కళ్ళు మూసుకుని ఆడగలిగిన మనిషి గుర్రం ఎలా దూకుతుందో మరిచిపోయాడు.

భర్త చేతిలోని కుర్చీ కిర్రుమంది. "తిట్టు" అన్నాడు. "తిట్టు వాణ్ణి. ఏదో ఒకటి అను."

"గుర్రం అది, శకటు కాదు. తాగున్నావా?" అని కొట్టింది వదిన. కన్నీళ్ళకి మీటలు మసకబారాయి. ఎంతో సేపటికి "అవును కదా" అని వచ్చింది. గుర్రం సరైన గడికి దూకింది. వదిన ఊపిరి వదిలింది.

సరిగ్గా అప్పుడే, బయటికెళ్ళిన ఇంజనీరు తిరిగొచ్చాడు. మోటార్లు వచ్చాయి, దిగేవాళ్ళు వచ్చారు. మంచి మాటే. అతని ముఖంలో మాత్రం ఆ మంచి కనబడలేదు.

"వదినగారూ, టెర్మినల్ ఆపాలి."

"ఏం?"

"ఆ తీగ బావి గోడ వెంబడే కిందికి పోతుంది. గోడ ఎక్కడ పగిలిందో, తీగ తొడుగు ఎక్కడ చిరిగిందో తెలీదు. కరెంటున్న తీగ నీళ్ళలో వేలాడుతుంటే వాళ్ళు దిగరు. దిగమని నేనూ చెప్పలేను. మోటార్లు తోడినంతసేపూ, తలుపు తెరిచేదాకా ఆపెయ్యాలి."

"అప్పటిదాకా వాడు చీకట్లో..."

"అవును."

"ఒంటరిగా..."

"అవునమ్మా" అన్నాడు ఇంజనీరు. మొదటిసారి వదిన అనడం మరిచిపోయాడు. "ఒక్క ఎత్తు ఆడుకునేంత టైమిస్తాను."

వదిన భర్త వైపు తిరిగింది. ఒక్క ఎత్తు. తర్వాత చీకటి, నీళ్ళు, చలి. అడగడానికి వదిన ఉండదు, తిట్టడానికి వదిన ఉండదు. "ఏం రాయను? ధైర్యంగా ఉండమననా? వస్తున్నారని చెప్పనా?"

"అవి వద్దు. అవి విని పడుకుంటాడు." భర్త పెదవులు కొరుక్కుంటున్నాడు. తెర మీదికి వంగి ప్రతి గడీ చూశాడు. అకస్మాత్తుగా వేలితో చూపించాడు. "మంత్రిని ఇక్కడ పెట్టు."

"అక్కడ పెడితే బంటుతో కొట్టేస్తాడు!"

"కొట్టడు. చిన్నప్పుడు వాడికి ఏదైనా ఊరికే వదిలేస్తే ముట్టుకునేవాడు కాదు. ఇందులో ఏదో మోసముంది అని తిండి మానేసి కూర్చునేవాడు. అమ్మ కంచం పట్టుకుని వెనకే తిరిగేది." అమ్మ అన్న మాట ఆ రెండేళ్ళలో తమ్ముడి పేరుతో కలిపి అతని నోట రావడం అదే మొదలు. "పెట్టు. ఏముందో వెతుక్కోనీ. అదే పని మీద ఉండనీ."

"ఏముంది అందులో?"

"ఏమీ లేదు. ఊరికే."

వదిన మంత్రిని బంటు నోటి ముందు పెట్టింది. కింద గబగబా రాసింది. "కరెంటు తీసేస్తున్నారు. నిన్ను తీయడానికే. తెర ఆరిపోతుంది. జవాబు పైకొచ్చాక చెప్పు. బాగా ఆలోచించి చెప్పు. కూర్చోకు."

ముగ్గురూ తెరకేసి చూస్తున్నారు. బయట మోటారు స్టార్టయి ఆగింది, మళ్ళీ స్టార్టయింది. ఇంజనీరు చెయ్యి స్విచ్చు మీద ఉంది. అక్షరాలు వచ్చాయి, ఒకే ఒక్క మాట.

"అన్నా?"

వదిన వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి. "అవును"లో సగం కొట్టిందో లేదో, తెర నల్లబడిపోయింది.

ఆ తర్వాత ఆ గదిలో పనేమీ లేదు. వదిన, ఆవిడ భర్త బావి దగ్గరికి వెళ్ళి తాడు కట్టిన చోటే ఆగారు. మోటార్లు నీళ్ళని తోడి కాలవలోకి పోస్తున్నాయి. ఒకటి చెత్త అడ్డుపడి ఆగిపోయింది. దాన్ని విప్పి, కడిగి, మళ్ళీ బిగించేసరికి వదిన రక్తం వచ్చేలా చెయ్యి కొరుక్కుంది. ఒకసారి భర్త, ఆవిడ కోసం కాదన్నట్టు, "నేనని పోల్చుకుని కూర్చుండిపోయాడేమో" అన్నాడు.

"నోర్మూసుకోండి" అంది ఆవిడ. పెళ్ళయ్యాక మొగుణ్ణి ఆ మాట అనడం అదే మొదటిసారి. అతను మూసుకున్నాడు.

నీళ్ళు తలుపు పైభాగం కిందికి దిగగానే మనుషులు దిగారు. ఒకడు ఇనుప తలుపు మీద రెంచితో కొట్టాడట. లోపల్నుంచి జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు. లేదు. ఆ సంగతి మెట్ల మీదుగా ఒకరి నుంచి ఒకరికి పైకి వచ్చింది. వచ్చినకొద్దీ గొంతులు తగ్గాయి. వదిన దగ్గరికొచ్చేసరికి ఎవరూ ఏమీ అనలేదు, అయినా ఆవిడకి తెలిసిపోయింది. నేల మీద కూర్చుండిపోయింది. భర్త కూర్చోలేదు. తాడు దాటబోతే ఇద్దరు పట్టుకున్నారు. వాళ్ళిద్దర్నీ లాక్కుంటూ మెట్ల దాకా వెళ్ళి "ఒరేయ్" అని బావిలోకి అరిచాడు. "ఒరేయ్, నీ వంతురా! నీ వంతు!"

బావిలో ఆ కేక గిరగిరా తిరిగింది. కింద తలుపు తెరుస్తున్నవాళ్ళు తర్వాత చెప్పిన మాట ఇది: అప్పుడు వినిపించిందట లోపల్నుంచి చప్పుడు. తట్టడం కాదు, ఇనుము మీద ఏదో గీరినట్టు.

మరిది నడుము బెల్టుని పానెల్ బీరువా పిడికి బిగించి కట్టుకుని నిలబడి ఉన్నాడు. కాళ్ళు ఎప్పుడో మానేశాయి, బెల్టే నిలబెట్టింది. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. పైకి తెచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి, కళ్ళు సగం తెరిచి ఎవరినీ గుర్తుపట్టనట్టు చూశాడు. వదిన పిలిచింది, పలకలేదు. భర్త స్ట్రెచరు పక్కనే పరుగెత్తాడు గానీ పిలవడానికి ధైర్యం చాలలేదు.

ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఏదీ తేలలేదు. డాక్టరమ్మ రోజూ "చూద్దాం" అనేది. ఎడమ పాదం వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము, ఏవేవో పలవరింతలు. భర్త డిపోకి సెలవు పెట్టి మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వంతులు లేవు. వదిన వచ్చి ఇంటికెళ్ళి స్నానం చేసి రమ్మన్నా కదల్లేదు. "వాడు లేచేసరికి నేనుండాలి" అనేవాడు. లేచాక ఏమంటాడో అని భయపడుతున్నాడని ఆవిడకి తెలుసు.

ఒక ఉదయం నర్సు కిటికీ తెరిచి వెళ్ళాక మరిది కళ్ళు తెరిచాడు. ఈసారి చూపు కుదురుగా ఉంది. పైకప్పు చూశాడు, వదినని చూశాడు, అన్నని చూశాడు. చాలాసేపు చూశాడు.

"మంత్రినెందుకిచ్చావు?" అన్నాడు. గొంతు ఈల వేసినట్టుంది.

అన్న జవాబు కోసం వెతుక్కున్నాడు. ఏదో పెద్ద ఎత్తుగడ ఉందని చెప్పొచ్చు. వదిన కూడా అదే చెబుతాడనుకుంది. "ఊరికే" అన్నాడు అతను.

"ఊరికేనా?"

"ఊరికేరా. నువ్వు ఆలోచిస్తూ ఉంటావని."

మరిది కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీదికి నీళ్ళు జారాయి. "నేనూ వెతికి వెతికి ఏమీ లేదనే అనుకున్నా. ఏమీ లేదంటే... అయిపోయింది, నన్నొదిలేశారు, ఇంక పడుకోమంటున్నారు, అందుకే ఇచ్చేశారు అనుకున్నా. బెల్టు విప్పేశా ఒకసారి."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మళ్ళీ ఎందుకు కట్టుకున్నావు?" అని అడిగింది ఆవిడే.

"అన్నయ్య ఆట అది. అన్నయ్య ఊరికే ఇవ్వడుగా ఏదీ, చిన్నప్పట్నుంచీ. ఏదో ఉండే ఉంటుంది, నాకే కనపడట్లేదనుకున్నా." అతను కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నిజంగా ఏమీ లేదా?"

"లేదురా" అన్నాడు అన్న. లేచి నిలబడ్డాడు, ఎటు వెళ్ళాలో తెలియనట్టు తలుపు దాకా వెళ్ళి, వరండాలో గోడకి ఆనుకుని గట్టిగా ఏడ్చాడు. వార్డులో వాళ్ళంతా మెడలు తిప్పి చూశారు. వదిన వెళ్ళలేదు. మరిది తల కింద దిండు సర్ది నీళ్ళు తాగించింది.

"నన్ను తిడుతున్నాడా?" అన్నాడు అతను.

"లేదు. తననే తిట్టుకుంటున్నాడు. తిట్టుకోనీ, ఇన్నాళ్ళ బాకీ."

తల్లి సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. ఆస్పత్రి నుంచి మరిదిని అన్నే ఇంటికి తీసుకొచ్చాడు. గడప దగ్గర కర్ర పట్టుకుని ఆగిపోతే "ఏంటి, పల్లకీ తేవాలా? రా" అన్నాడు. అది తప్ప పిలుపేమీ లేదు. అతను వచ్చాడు.

మరిది మళ్ళీ బావిలోకి దిగలేదు. స్టోర్సులో ఉద్యోగమిచ్చారు. గదిలో దీపం ఆర్పితే నిద్రపోలేడు కాబట్టి ఆ ఇంట్లో ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. బావి బాగుచేసినప్పుడు పాత టెర్మినళ్ళు తీసేసి కొత్తవి పెట్టారు. వాటిలో రంగుల బొమ్మలున్నాయి, చదరంగం లేదు. కరెంటు తీసినప్పుడే ఆ ఆట యంత్రంలోంచి చెరిగిపోయింది.

ఒక సెలవు రోజు పొద్దున్నే అన్న అటకెక్కి దుమ్ము కొట్టుకుంటూ పెట్టె దించాడు. తుడిచి బల్ల మీద పెట్టి, పావులు ఒక్కొక్కటే అమర్చాడు. వదిన వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. మరిది వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తెల్ల బంటు మీద చెయ్యి పెట్టాడు, తీశాడు.

"ఇవాళ వద్దులే అన్నా."

"సరే" అన్నాడు అన్న. పావుల్ని పెట్టెలో వెయ్యలేదు. బల్ల అలాగే వదిలేసి, "ఏయ్, టీ ఏమైనా ఉందా?" అని వంటింట్లోకి కేకేశాడు. ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చుని డిపోలో కొత్త బస్సుల బ్రేకుల గురించి మాట్లాడుకున్నారు.